‘మన కుక్కే కదా’ అని ఊరుకోవద్దు



2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు హైదరాబాదు, బెంగళూరులలో కంప్యూటర్ ఉద్యోగాలు చేసే పిల్లలు చాలామంది సొంత ఊళ్లకు వచ్చి ఇంటి నుండే పని చేశారు. తర్వాత కంపెనీలు ఆఫీసుకు రమ్మన్నా, వారంలో కొన్ని రోజులు ఇంటి నుండి పని చేసేవారు ఇప్పటికీ ఉన్నారు. ఇక ఇంట్లోనే కుట్టుమిషన్ పెట్టుకున్న అక్కలు, బీడీలు చుట్టే తల్లులు, పచ్చళ్లు, పిండివంటలు చేసి అమ్మేవారు మనకు కొత్త కాదు. ఇలా ఇంటిపట్టున ఉండి పని చేసేవారిలో కుక్కనో పిల్లినో పెంచుకునేవారు మా ఆస్పత్రికి చాలామంది వస్తుంటారు. వారి కోసమే ఈ నాలుగు మాటలు.

పెంపుడు జంతువు ఇంట్లో ఉండడం మంచిదే. రోజంతా ఒకే కుర్చీలో కూర్చునేవారిని లేపి నడిపించేది కుక్కే. ఉదయం, సాయంత్రం అరగంట దాన్ని తిప్పితే బి.పి., షుగర్ ఉన్నవారికి ఆ నడక ఎంతో మేలు. ఒంటరిగా పని చేసేవారికి తోడుగా ఉంటుంది. అయితే ఆఫీసులో లేని ప్రమాదాలు కొన్ని ఇంట్లో ఉంటాయి. వాటిలో అన్నింటికన్నా పెద్దది రేబిస్.

మా క్యాజువాలిటీలో సిస్టర్లు తరచుగా వినే మాట ఒకటుంది. “వీధి కుక్క కాదు సిస్టర్, మన కుక్కే. ఆడుకుంటూ చిన్న గీత పడింది.” ఆ మాట వెనుకనే ప్రమాదం దాగి ఉంటుంది. వీధి కుక్క కరిస్తే వెంటనే పరుగెత్తుకొని వస్తారు. ఇంటి కుక్కపిల్ల పన్ను గీరితే పసుపు అద్ది మళ్లీ పనిలో కూర్చుంటారు.

ఒక యువకుడు వీధిలో దొరికిన కుక్కపిల్లను తెచ్చి పెంచుకున్నాడు. కంప్యూటర్‌లో మీటింగు జరుగుతుండగా అది బల్ల కింద చేరి పాదం మీద కొరికింది. కాస్త రక్తం వచ్చింది. మీటింగు మధ్యలో లేవలేక గుడ్డతో తుడుచుకున్నాడు. నాలుగో రోజున కుక్కపిల్ల చనిపోయింది. అప్పుడు వాళ్లమ్మ భయపడి కొడుకుతో పాటు, దానితో ఆడుకున్న మనవరాలిని కూడా తీసుకొచ్చింది. పాప చేతి మీద గోటి గీతలున్నాయి. ఇద్దరికీ అదే రోజు వైద్యం మొదలుపెట్టాము. ఇద్దరూ క్షేమంగా ఉన్నారు. ఆ కుక్కపిల్లకు రేబిస్ ఉందో లేదో మాకు తెలియలేదు. తెలిసే వరకు ఆగకూడదు కూడా.

ఎందుకు ఆగకూడదు?

రేబిస్ క్రిమి జంతువు లాలాజలంలో ఉంటుంది. గాయం నుండి నరాల వెంట మెల్లగా మెదడుకు చేరుతుంది. ఇందుకు సాధారణంగా 1 నుండి 3 నెలలు పడుతుంది. కొందరిలో ఇంకా తొందరగా, కొందరిలో ఏడాది దాటాక కూడా రావచ్చు. లక్షణాలు కనిపించాక, అంటే నీళ్లు చూస్తే గొంతు బిగుసుకుపోవడం, గాలి తగిలినా ఉలిక్కిపడడం మొదలయ్యాక, బ్రతికినవారు ప్రపంచం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది. కాబట్టి మన చేతిలో ఉన్న సమయమంతా లక్షణాలు రాకముందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 59,000 మంది ఈ వ్యాధితో మరణిస్తున్నారు. అందులో మూడో వంతు దాకా మన దేశంలోనే. కుక్క కాటుకు గురయ్యేవారిలో నూటికి 40 మంది 15 ఏళ్లలోపు పిల్లలే. ఇంత భయంకరమైన వ్యాధిని సబ్బు, నీళ్లు, సకాలంలో వేసే టీకాతో ఆపవచ్చు.

కరిచినా, గీరినా చేయవలసినవి

1. పని ఏదైనా ఆపి వెంటనే లేవండి. కుళాయి కింద ధారగా పడే నీళ్లతో, బట్టల సబ్బయినా సరే, 15 నిమిషాలు కడగండి. గడియారం చూసి కడగండి.

2. కారం, పసుపు, సున్నం, కాఫీపొడి, పసరు మందులు పెట్టవద్దు. కట్టు బిగించి కట్టవద్దు.

3. అదే రోజు ఆస్పత్రికి రండి. టి.టి. ఇంజక్షన్ ధనుర్వాతానికి మాత్రమే. దానితో రేబిస్ ఆగదు.

4. రక్తం వచ్చిన గాయమైతే, లేదా పుండు మీద, కంటిలో, నోటిలో లాలాజలం పడితే, టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు కూడా వేయాలి. టీకా వెంటనే పని చేయదు. అది పని చేసే వరకు ఈ మందే కాపలా.

5. టీకా చర్మంలో వేస్తే 0, 3, 7, 28 రోజులలో, కండకు వేస్తే 0, 3, 7, 14, 28 రోజులలో వేయించుకోవాలి. మొదటి టీకా వేసిన రోజే 0వ రోజు. నొప్పి తగ్గిందని మధ్యలో మానవద్దు.

6. కుక్కను 10 రోజులు గమనించండి. అయితే ఆ 10 రోజులు టీకా ఆపి చూడడానికి కాదు. టీకా మొదలుపెట్టి గమనించాలి. కుక్క ఆరోగ్యంగా ఉంటే మిగతా డోసుల సంగతి డాక్టరుగారు చెబుతారు.

ఆలస్యమైందని సిగ్గుపడి మానవద్దు. ఎన్ని రోజులైనా రండి. గర్భిణీలకు, పాలిచ్చే తల్లులకు కూడా ఈ టీకా వేయవచ్చు. పథ్యం ఏమీ లేదు.

పెద్దవారిలో కొందరికి బొడ్డు చుట్టూ 14 ఇంజక్షన్ల భయం ఇంకా పోలేదు. ఆ పాత టీకా తయారీని మన దేశంలో 2004 చివరలోనే ఆపివేశారు. ఇప్పుడు వేసేది చేతికే. మనిషికి రేబిస్ టీకా వేసి కాపాడవచ్చని లూయీ పాశ్చర్ 1885 జూలై 6న ఒక 9 ఏళ్ల బాలుడి మీద నిరూపించారు. దాని గుర్తుగానే ఏటా జూలై 6న జూనోసిస్ దినం జరుపుతారు. ఆ రోజున అనేక పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తుంటారు. కుక్కపిల్లకు 3 నెలలు నిండగానే మొదటి టీకా, తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం ఏటా వేయించండి. పిల్లులకూ వేయించాలి. ఇంటి కుక్కకు టీకా వేయించినా, కరిస్తే గాయం కడుక్కొని డాక్టరుకు చూపించుకోవడం మానవద్దు.

పని వేళల్లో కొన్ని జాగ్రత్తలు

పనిలో కూర్చునే ముందే దానికి అన్నం పెట్టి, తిప్పి తీసుకురండి. ఆకలిగా, విసుగ్గా ఉన్న కుక్కపిల్లే కాళ్లను, కరెంటు వైర్లను కొరుకుతుంది. వైర్లను గోడ వెంట ఎత్తుగా బిగించండి. తింటున్న కుక్క దగ్గరకు, పిల్లలున్న తల్లికుక్క దగ్గరకు చిన్నబిడ్డలను వెళ్లనివ్వవద్దు. కొరియర్ అబ్బాయి, పొరుగువారి పిల్లలు వచ్చినప్పుడు గొలుసు వేయండి.

కుట్టుపని చేసే అక్కలు దారాలు, సూదులు మూత ఉన్న డబ్బాలో పెట్టాలి. పిల్లి దారం మింగితే పేగులు కోసుకుపోతాయి. నోటి నుండి దారం వేలాడుతున్నా లాగవద్దు. పశువైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లండి. పచ్చళ్లు, పిండివంటలు చేసే గదిలోకి జంతువులను రానివ్వవద్దు. మీ పారాసిటమాల్ బిళ్ల పిల్లికి వేయవద్దు. అది దాని ప్రాణం తీస్తుంది.

ఆయాసం ఉన్నవారు పడకగదిలోకి పిల్లిని రానివ్వకపోవడం మంచిది. గర్భిణీలు పిల్లి మలం ఎత్తవద్దు. ఇంట్లో ఇంకొకరు రోజూ తీసివేయాలి. ముట్టుకున్నాక, భోజనానికి ముందు అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. మూడు నెలలకొకసారి పశువైద్యుడి సలహాతో కుక్కకు, పిల్లికి నులిపురుగుల మందు వేయించండి.

మీటింగు మరల పెట్టుకోవచ్చు. కుట్టవలసిన జాకెట్టు రేపు ఇవ్వవచ్చు. గాయం కడుక్కోవలసిన 15 నిమిషాలు మాత్రం ఆ క్షణమే దొరుకుతాయి. ఈ సంగతి మీ ఇంట్లో చదువురాని పెద్దలకు చదివి వినిపించండి. పిల్లలకు ఒక మాట నేర్పండి: “కుక్క కరిచినా, గీరినా అమ్మకు చెప్పాలి, అమ్మ కొట్టదు.” దెబ్బలకు భయపడి దాచిపెట్టే పిల్లలే మాకు ఎక్కువ దిగులు కలిగిస్తారు.

మీ కుటుంబాలు, మీరు ప్రేమగా పెంచుకునే మూగజీవాలు క్షేమంగా ఉండాలని కోరుతూ,

నర్సింగ్ సూపరింటెండెంట్