ప్రోటాను ఎక్కడ ఆగుతుంది?

క్యాన్సరు రోగికి రేడియేషన్ ఇస్తే మన ఊళ్లలో "కరెంటు పెట్టారు" అంటాము. అది కరెంటు కాదు. ఎక్కువ ఆసుపత్రులలో ఇచ్చేది ఎక్స్‌రే వంటి కిరణమే, కాని బహు బలమైనది. అది కణితిని తాకి అక్కడే ఆగదు. శరీరము అవతలి వైపుకు దూసుకుపోతుంది గనుక దారిలోని మంచి భాగాలకు కూడ దెబ్బ తగులుతుంది.

ప్రోటాను అట్లు కాదు. హైడ్రోజను పరమాణువు నడిమధ్యన ఉండే ఈ సూక్ష్మకణము శరీరములోనికి పోయేకొద్దీ నెమ్మదిస్తుంది. ఆగబోయే చోట అన్నిటికంటె గట్టి దెబ్బ వేసి ఆగిపోతుంది. పరుగెత్తుతూ విత్తనాలు చల్లేవాడు పలచగా చల్లి, అలసి నిలిచే చోట కుప్పగా పోసినట్లన్నమాట. దీనిని వైద్యానికి వాడవచ్చునని 1946లో అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ విల్సన్ వ్రాశాడు. 1954లో బర్క్‌లీలో మొదటి రోగికి ఇచ్చారు. మన దేశములో 2019లో చెన్నైలోని అపోలో కేంద్రము ఈ చికిత్స మొదలుపెట్టింది. నవీ ముంబైలోని ఖార్ఘర్ టాటా కేంద్రములో 2023లో మొదలైంది.

అయితే అసలు చిక్కు ఇక్కడే ఉంది. అది సరిగ్గా ఎక్కడ ఆగుతుందో ముందుగా ఎట్లు తెలుసుకోవాలి?

ఇప్పుడు డాక్టర్లు ఎక్స్‌రే సీటీ స్కాన్ తీసి, దానినిబట్టి ప్రోటాను ఆగే చోటును లెక్కగడతారు. ఎముక, కొవ్వు, కండ ఎక్స్‌రేను అడ్డుకునే తీరు వేరు, ప్రోటానును అడ్డుకునే తీరు వేరు. బురద రంగు చూసి ఎడ్లబండి ఎంత దిగబడుతుందో చెప్పడము వంటిది ఈ లెక్క. చాలావరకు నిజమవుతుంది, కొంచెము తప్పుతుంది. అందుకని కొన్ని ఆసుపత్రులలో లోతులో నూటికి 3.5 వంతులు, దానిపైన 1 మిల్లీమీటరు అదనముగా వదులుతారు. కణితి 10 సెంటీమీటర్ల లోతున ఉంటే అది 4.5 మిల్లీమీటర్లు, ఇంచుమించు బియ్యపు గింజంత.

ఇంతేనా అనుకోవద్దు. పసిబిడ్డ మెదడులో కణితి ఉండి, దాని వెనుకనే ఊపిరిని, గుండెను నడిపే మెదడు కాండము ఉంటే ఆ గింజంత చోటే ప్రాణము. ఇందువలన డాక్టర్లు చాలాసార్లు ప్రోటానును నేరుగా ఆ అవయవము వైపు గురిపెట్టడానికి జంకి, పక్కనుండి పంపుతారు. ఆగిపోవడమే దీని గొప్ప, ఆ గొప్పనే పూర్తిగా నమ్ముకోలేని స్థితి!

దీనికి ఉపాయము ప్రోటానుతోనే ఫోటో తీయడము. ఈ ఆలోచన పాతదే. సీటీ స్కానుకు పునాది వేసి 1979లో నోబెల్ బహుమతి పంచుకున్న అలన్ కార్మాక్, 1963లోనే ప్రోటానుల మాట ఎత్తాడు. చికిత్సలో ప్రోటాను లోపల ఆగాలి. ఫోటోకు మాత్రము అవతలికి దాటిపోవాలి. 200 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాను నీటిలో సుమారు 26 సెంటీమీటర్లు పోగలదు గనుక తలను దాటుతుంది. లావుపాటి నడుమును దాటించాలంటే ఇంకా బలము కావాలి. దాటి వచ్చినదానిలో ఎంత శక్తి మిగిలిందో కొలిస్తే, దారిలో ఎంత ఖర్చయిందో తెలుస్తుంది. అన్ని వైపులనుండి ఇట్లు కొలిస్తే అంచనాతో పని తగ్గుతుంది.

మరి ఇన్నాళ్లు ఎందుకు పట్టింది? ప్రోటాను తిన్నగా పోదు, చిన్న చిన్న తాకుళ్లకు వంకర తిరుగుతుంది. బొమ్మ మసకబారుతుంది. అందుచేత ఒక్కొక్క ప్రోటాను ఎక్కడ దూరిందో, ఎక్కడ వెలువడిందో విడివిడిగా పట్టుకోవాలి, అదీ కోట్లకొలది ప్రోటానులకు! కాలిఫోర్నియాలోని లోమా లిండా (అడ్వెంటిస్టు సంఘమువారి ఆసుపత్రి) పరిశోధకులు, ఇతర విశ్వవిద్యాలయాలవారు కలిసి ఇటువంటి యంత్రము చేసి, తల ఆకారపు నమూనాలపై పరీక్షించారు. పొరపాటును నూటికి ఒక వంతుకు తేవాలని వారి గురి. రోగికి తగిలే రేడియేషన్ కూడ ఎక్స్‌రే సీటీకంటె తక్కువే.

ఇది ఇంకా పరిశోధనశాల దాటి అందరి వైద్యములోనికి రాలేదు. ఈలోగా రెండు శక్తుల ఎక్స్‌రే సీటీతో కొన్నిచోట్ల లెక్కను మెరుగుపరుస్తున్నారు. కొత్త యంత్రము వస్తుందిలే అని ఉన్న చికిత్సను వాయిదా వేసే కుటుంబాలకు మాత్రము నేను గట్టిగా వద్దంటాను. స్కానుకు వెళ్లేటప్పుడు పళ్లలో లోహపు పూత, ఒంట్లో రాడ్డు ఉంటే ముందే డాక్టరుకు చెప్పండి. లోహము దగ్గర సీటీ బొమ్మ చెదిరిపోతుంది, లెక్క ఇంకా తప్పుతుంది. చికిత్స నడుమ రోగి చిక్కిపోయినా చెప్పండి, స్కాన్ మళ్లీ తీయవలసి రావచ్చును.