మన గల్లీ ఆటే.. మీ తొలి గేమ్!

బంతి కంపచెట్లలో పడితే ఎన్ని రన్స్? పక్కింటి గోడ దాటితే సిక్సరా, ఔటా? ఆఖర్న వచ్చిన చిన్నోణ్ని ఏ జట్టులో వేసుకోవాలి? నల్లగొండ, పాలమూరు గల్లీల్లో పెరిగిన ఎవర్ని అడిగినా టక్కున చెబుతారు. ఆడే చోటును బట్టి, ఆడే పిల్లల్ని బట్టి ఇలా రూల్స్ కట్టుకోవడాన్నే గేమింగ్ కంపెనీలు గేమ్ డిజైన్ అంటాయి. దానికి జీతమిచ్చి మనుషుల్ని పెట్టుకుంటాయి.

సరిగ్గా ఇలాంటి వాడకట్టు ఆటను నమ్ముకుని అమెరికాలో ఓ కంపెనీ పెద్ద సిరీస్‌నే నడిపింది. వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన హ్యుమోంగస్ ఎంటర్‌టైన్‌మెంట్ 1997లో ‘బ్యాక్‌యార్డ్ బేస్‌బాల్’ విడుదల చేసింది. తర్వాత సాకర్, ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, హాకీ.. ఒక్కోటీ వచ్చాయి. కంపెనీ చేతులు మారింది, సిరీస్ కొన్నేళ్లు మూలన పడింది. అయినా 2024 అక్టోబర్‌లో ఆ తొలి గేమ్ స్టీమ్‌లో మళ్లీ వచ్చింది. చిన్నప్పుడు ఆడినవాళ్లు 27 ఏళ్ల తర్వాత కూడా దాన్ని వెతుక్కున్నారు. గేమింగ్‌లో ఉద్యోగం చూసుకునేవాళ్లు దీన్ని విప్పి చూడటం మంచిది.

ఆటలో అరటిపండే స్టార్

తొలి గేమ్‌లో పేరున్న ఆటగాడు ఒక్కడూ లేడు. అంతా వాడకట్టు పిల్లలే, మొత్తం 30 మంది. కెన్నీ కవాగుచి చక్రాల కుర్చీలోంచే ఆడతాడు. అహ్మద్ ఖాన్ చెవులకు ఎప్పుడూ హెడ్‌ఫోన్స్ ఉంటాయి. అతని తమ్ముడు అమీర్ కూడా జాబితాలో ఉంటాడు. పీట్ వీలర్ గాలిలా పరుగెడతాడు గానీ బుర్ర కాస్త నెమ్మది. అందరికంటే బాగా ఆడేది పాబ్లో సాంచెజ్. పొట్టిగా, బొద్దుగా ఉంటాడు. మన దగ్గరైతే చూడగానే ‘ఆటలో అరటిపండు’ అని పక్కన నిలబెట్టేస్తాం. బ్యాట్ పట్టుకున్నాక తెలుస్తుంది వాడెవడో!

మ్యాచ్‌కు ముందు ఇద్దరు కెప్టెన్లు ఒకరి తర్వాత ఒకరు పిల్లల్ని కోరుకుంటారు. మనం చేసేదే కదా! ఆట అక్కడే మొదలైపోతుంది. ఎవర్ని ముందు కోరుకోవాలి, ఎవర్ని వదిలేస్తే అవతలోడు ఎగరేసుకుపోతాడు? ఎనిమిదేళ్ల పిల్లాడికి కూడా అర్థమయ్యే ఎత్తుగడ అది. కోడింగ్ తెలిసినవాళ్లకు ఇందులో ఇంకోటి కనపడుతుంది. ప్రతి పిల్లాడూ డేటాలో ఒక వరుస: వేగం, బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ అని నాలుగు నంబర్లు. ఆ నంబర్ల మీద ఒక ముఖం, ఒక మాటతీరు పెడితేనే పాబ్లో అయ్యాడు.

స్టార్లు పిల్లలై వచ్చారు

ప్రొఫెషనల్ ఆటగాళ్లు తర్వాత వచ్చారు. 1999 నాటి ఫుట్‌బాల్ గేమ్‌లో డాన్ మారినో, జెర్రీ రైస్ లాంటివాళ్లు, ‘బ్యాక్‌యార్డ్ బేస్‌బాల్ 2001’లో డెరెక్ జీటర్ లాంటివాళ్లు కనిపిస్తారు. వాళ్లందర్నీ చిన్నపిల్లలుగా గీశారు. స్టేడియంలోకి పిల్లల్ని తీసుకుపోకుండా, స్టార్లనే గల్లీలోకి దింపారు. పాబ్లో పక్కన జీటర్ కూడా ఇంకో పిల్లాడే.

ఇక్కడ ఒక కెరీర్ పాఠం ఉంది. నిజమైన ఆటగాడి పేరు, ముఖం వాడాలంటే లైసెన్స్ కావాలి. మనకు తెలిసిన ‘క్రికెట్ 07’ గుర్తుందా? అందులో ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ జట్లకు లైసెన్స్ ఉంది, మన జట్టుకు లేదు. అందుకే మనోళ్ల పేర్లు అటూ ఇటూ మార్చి పెట్టారు. కాబట్టి సిరాజ్ బొమ్మతో గేమ్ చేసి ప్లే స్టోర్‌లో పెట్టేద్దాం అనుకోకండి. పైగా స్టార్ పేరుకు ఒప్పందం గడువు ఉంటుంది, మీరు పుట్టించిన పాత్రకు ఉండదు. స్టీమ్‌లో ముందుగా తిరిగొచ్చింది స్టార్లు ఎవరూ లేని 1997 గేమే.

పాత ఇంజిన్‌తోనే..

హ్యుమోంగస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన రాన్ గిల్బర్ట్ అంతకుముందు లూకాస్‌ఫిల్మ్ గేమ్స్‌లో పనిచేశారు. అక్కడ 1987లో వచ్చిన ‘మేనియాక్ మాన్షన్’ అనే కథా గేమ్ కోసం స్కమ్ అనే ఇంజిన్ తయారైంది. పదేళ్ల తర్వాత బ్యాక్‌యార్డ్ బేస్‌బాల్ నడిచింది ఆ ఇంజిన్ వారసత్వం మీదే. కథల కోసం పుట్టిన టూల్‌తో ఆటల గేమ్ చేశారన్నమాట. ‘నా ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు లేదు సార్’ అని ఆగిపోయేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. గోడో ఇంజిన్ పూర్తిగా ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లో 2డీ గేమ్‌కు సరిపోతుంది. యూనిటీ నేర్చుకుంటే సీషార్ప్ కూడా వస్తుంది, అది వేరే ఉద్యోగాలకూ పనికొస్తుంది.

మన దగ్గర అవకాశాలు

క్రికెట్ మీదే గేమ్ కట్టి నిలబడ్డ కంపెనీ హైదరాబాద్‌లోనే ఉంది: హిట్‌వికెట్. జట్టును కట్టి, ఆటగాళ్లను తయారుచేసి నడిపించే ఆట అది. 2020లో కేంద్రం పెట్టిన ఆత్మనిర్భర్ భారత్ యాప్ ఇన్నోవేషన్ చాలెంజ్‌లో గేమ్స్ విభాగంలో గెలిచింది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు హైదరాబాద్‌లో స్టూడియో ఉంది. ఛోటా భీమ్‌ను పుట్టించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ కూడా ఇక్కడిదే. ఆ కథల్లోనూ ఉన్నది ఊరి పిల్లల జట్టే కదా!

మహబూబ్‌నగర్‌లో, నల్లగొండలో 2023లో ఐటీ టవర్లు తెరిచారు. అయినా గేమింగ్ కోసం ఇప్పటికీ హైదరాబాద్ వైపే చూడాలి. ఫ్రెషర్లకు వెబ్ డెవలప్‌మెంట్‌లో ఉన్నన్ని ఖాళీలు ఇందులో ఉండవు. టెస్టింగ్, ఆర్ట్, డేటా విశ్లేషణ లాంటి దారుల్లో లోపలికి వెళ్లి డిజైన్ వైపు మారొచ్చు. ఇంకో జాగ్రత్త: డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్స్‌ను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. అది ఈ-స్పోర్ట్స్‌ను, మామూలు గేమ్స్‌ను ప్రోత్సహిస్తూ డబ్బుల ఆటల్ని ఆపింది. అప్లై చేసే ముందు ఆ కంపెనీకి డబ్బు ఏ దారిలో వస్తోందో చూసుకోండి.

8 వారాల్లో మీ గేమ్

రెజ్యుమెలో సిటీ నుంచి కొనుక్కొచ్చిన ‘లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్’ ఉంటే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. మీ గల్లీ గేమ్ గురించి మీకంటే ఎక్కువ తెలిసినవాళ్లు ఎదుటి కుర్చీలో ఉండరు.

1-2 వారాలు: సాయంత్రం పిల్లలు ఆడేచోట కూర్చుని పది రూల్స్ రాసుకోండి. ‘కొట్టినోడే బంతి తెచ్చుకోవాలి’ అన్నది చూడండి. గేమ్‌లో దాన్ని ఇలా పెట్టొచ్చు: సర్కారు తుమ్మల్లోకి కొడితే ఆరు రన్స్, కానీ ఆ బ్యాటర్ తర్వాతి ఓవర్ ఆడలేడు. లాభం పక్కనే నష్టం ఉంటే ఆడేవాడు ఆలోచిస్తాడు. ఎండిన చెరువు శిఖం ఒక గ్రౌండ్. ఎనిమిది మంది పిల్లలు చాలు. పాలమూరు పల్లెల్లో అమ్మానాన్నలతో ముంబై, పుణె పోయే పిల్లలు ఎందరో. సీజన్ మధ్యలో సగం జట్టు ఊరు విడిచి పోతే మిగిలినవాళ్లతో ఎలా గెలవాలి? ఇది మన నేలకే తట్టే ప్రశ్న, ఏ విదేశీ గేమ్‌లోనూ ఇలా దొరకదు. జాలి చూపించకుండా, వాళ్లు తిరిగొచ్చిన రోజును పండగలా చూపించండి.

3-5 వారాలు: ఒక్క బటన్‌తో బ్యాటింగ్. గేమ్ సెకనుకు 60 ఫ్రేముల మీద నడిస్తే, 6 ఫ్రేముల గడువంటే సెకనులో పదో వంతు. చిన్నపిల్లలకు అది కష్టం, 12 ఫ్రేములు ఇచ్చి చూడండి.

6-7 వారాలు: ఫోన్ పిల్లల చేతికిచ్చి నోరు మూసుకుని చూడండి. ‘అట్ల కాదురా’ అని మీరు చెప్పాల్సి వచ్చిన ప్రతి చోటా గేమ్‌లో తప్పుందన్నట్టే. రాసుకుని సరిచేయండి.

8వ వారం: ఇచ్.ఐఓలో ఉచితంగా పెట్టండి. ప్లే స్టోర్‌లో అయితే 25 డాలర్లు ఒకసారి కట్టాలి. కొత్త వ్యక్తిగత ఖాతాకు 12 మంది టెస్టర్లతో 14 రోజుల పరీక్ష కూడా తప్పదు. కాలేజీ దోస్తుల్ని ముందే ఒప్పించుకోండి. పిల్లల వివరాలేవీ సేకరించకండి. 2023 నాటి డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలి.

దీంతోపాటు నిమిషం వీడియో, రెండు పేజీల నోట్ సిద్ధం చేయండి. ఏ రూల్ ఎందుకు పెట్టారు, పిల్లలు ఆడాక ఏది మార్చారు అన్నది ఆ నోట్‌లో ఉండాలి. ఇంటర్వ్యూలో ‘మీది ఏ ఊరు?’ అని అడిగితే సంకోచపడకుండా ఊరి పేరు చెప్పి, ఫోన్ తీసి గేమ్ చూపించండి.