సోడియం బ్యాటరీలో కాథోడు

నౌపడా మళ్లలో సముద్రపు నీటిని ఎండగట్టి తీయు ఉప్పులో, బరువున ఐదింట రెండు పాళ్లు సోడియమే. నేడు విద్యుత్ వాహనముల బ్యాటరీలలో విరివిగా వాడు లిథియము అట్లు కాదు. భూమి పైపొరలో లిథియముకంటె సోడియము సుమారు వెయ్యి రెట్లు అధికము. అట్లయినచో లిథియమునకు మారుగా సోడియమునే వాడరాదా? వాడవచ్చును. 2021లో చైనా దేశపు సి.ఎ.టి.ఎల్. కంపెనీ తన సోడియం అయాన్ బ్యాటరీని ప్రకటించినది. అయితే ఇట్టి బ్యాటరీ సామర్థ్యమును, మన్నికను చాలవరకు నిర్ణయించునది కాథోడు, అనగా ధనధ్రువము.

కోటిపల్లి రేవునుండి ముక్తేశ్వరమునకు పంటుపై గోదావరి దాటుట మన ప్రాంతము వారికి తెలిసినదే. బ్యాటరీని వాడునపుడు సోడియం అయానులు ఆ విధముగనే విద్యుద్విశ్లేష్యమను ఏటిని దాటి ఆనోడునుండి కాథోడును చేరును. ఎలక్ట్రానులు ఆ దారిన పోలేవు. అవి వంతెన మీదుగా చుట్టి వచ్చినట్లు వెలుపలి తీగగుండా వచ్చును. ఆ చుట్టుదారిలోనే దీపము వెలుగును. చార్జి చేయునపుడు రెండును వెనుకకు మరలును.

సోడియం పరమాణువు లిథియముకంటె మూడు రెట్లు బరువు. కాని కాథోడులో సోడియము ఒంటరిగా ఉండదు. లిథియం మాంగనీసు ఆక్సైడు అణుభారము 94 (7+55+32). సోడియం మాంగనీసు ఆక్సైడుది 110 (23+55+32). పెరిగినది ఆరవ వంతు మాత్రమే! అసలు చిక్కు పరిమాణముతో వచ్చును. లిథియం అయాను వ్యాసార్ధము 0.76 ఆంగ్‌స్ట్రాములు, సోడియముది 1.02.

ఈ ఆక్సైడు స్ఫటికము పొరలు పొరలుగా నుండును. అయానులు పొరల నడుమ నిలుచును. అవి వచ్చి పోవుచున్న కొలది పొరలు ఉబ్బి, కుంగి, ప్రక్కలకు జరుగును. పైగా మూడు ధనావేశములుగల మాంగనీసు అయాను తన చుట్టునున్న ఆరు ఆక్సిజనుల అమరికను ఒక దిక్కున సాగదీయును. ఇట్లు పలుమార్లు జరిగిన పిదప స్ఫటికము బీటలువారి, బ్యాటరీ శక్తి తగ్గును.

దీనికి ఒక ఉపాయము, కొంత మాంగనీసును తీసి మెగ్నీషియము వంటి లోహమును చేర్చుట. అపుడు సాగదీయు అయానులు తగ్గి, పొరలు నిలకడగా నుండును. కాని మెగ్నీషియము ఎలక్ట్రానులను ఇచ్చి పుచ్చుకొనదు. కనుక అది ఎక్కువైనచో నిలువచేయు విద్యుత్తు తగ్గును. పాళ్లు కుదుర్చుటయే నేర్పు.

రెండవ ఉపాయము, పొరలకు మారుగా గట్టి చట్రముగల సోడియం వనేడియం ఫాస్ఫేటును వాడుట. ఇందు అయానులకు విశాలమైన దారులుండును. అయితే ఎలక్ట్రానులు సులభముగ ప్రవహింపవు. అందుచే దాని రేణువులకు సన్నని కర్బన పూత నిత్తురు. వనేడియము ఖరీదు మాత్రము ఎక్కువ.

హైదరాబాదు బాలాపూర్‌లోని ఎ.ఆర్.సి.ఐ. పరిశోధన కేంద్రములో సోడియం అయాన్ బ్యాటరీల పదార్థములపై కృషి జరుగుచున్నది.

పగటి సౌరవిద్యుత్తును రాత్రికి దాచు బ్యాటరీ కొంత బరువైనను నష్టము లేదు. అది చవుకగా నుండి, చిరకాలము మన్నవలెను. నౌపడాలో ఉప్పు కలదు, గరివిడి ప్రాంతమున మాంగనీసు కలదు. వాటిని స్ఫటికములో సరిగా అమర్చు విద్యయే మనము సాధింపవలసినది. నేడు తరగతిలో స్ఫటిక నిర్మాణమును నేర్చుకొను విద్యార్థికి ఆ పనిలో తప్పక పాలు కలదు.