ముక్త్యాల: కోట, సిమెంటు, పల్లె

ముక్త్యాల అనగానే వాసిరెడ్డి జమీందార్లు గుర్తుకొస్తారు. నాగార్జునసాగర్ కోసం ముక్త్యాల రాజా చేసిన కృషి చరిత్రకెక్కింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు; ఎడమ కాలువ నీళ్లు తర్వాత జగ్గయ్యపేట, నందిగామ మెట్టకీ వచ్చాయి. అయితే కాలువ నీళ్లు భూమి ఉన్నవాడి చేలోకే పారతాయి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారుకూ రైతుకూ మధ్య లెక్క తేల్చింది. పాలేరుకి ఆ లెక్కలో పద్దే లేదు.

ఆ తర్వాత ఊరికి సున్నపురాయి కలిసొచ్చిందంటారు. ఎవరికి కలిసొచ్చింది? టన్ను క్లింకరుకు సుమారు టన్నున్నర రాయి కావాలి గనక ఫ్యాక్టరీయే రాయి దగ్గరికి నడిచొస్తుంది. అలా 1987లో జయంతిపురంలో మద్రాస్ సిమెంట్స్ (నేటి రామ్‌కో), 2011లో ముక్త్యాలలో కేసీపీ వచ్చాయి. రాయికి ధర పలికింది, అమ్మకం పట్టాదారుది. ఏ చేను అమ్ముడైనా అందులో మిరపకాయలు కోసే, పత్తి తీసే మాల మాదిగ ఆడవాళ్లకు పోయేది పని రోజులు. 2013 భూసేకరణ చట్టం మూడేళ్లుగా ఆ భూమి మీద బతికే కూలీలనూ బాధితులుగా గుర్తించింది గానీ, అది ప్రధానంగా సర్కారు సేకరించే భూమికి. కంపెనీ నేరుగా కొంటే మామూలుగా కాగితం మీద ఉండేది అమ్మేవాడూ కొనేవాడే.

పోనీ ఉద్యోగాలు? సిమెంటు ఎక్కువమందితో నడిచే పరిశ్రమ కాదు. 1450 డిగ్రీల కొలిమిని కంట్రోల్ రూములో కూర్చున్న కొద్దిమంది నడుపుతారు. అక్కడికి డిప్లొమా, ఐటీఐ కావాలి. చదువు లేనివాడికి మిగిలేది క్వారీ, లోడింగు, ఊడ్పు, అవీ ఎక్కువగా కాంట్రాక్టరు కింద. (ఊడ్పు ఎవరి వంతో మన పాఠకులకు చెప్పనక్కర్లేదు.) రాజ్యాంగం 16(4) అధికరణం సర్కారు కొలువుకే పరిమితం. 2019లో రాష్ట్రం పరిశ్రమల్లో 75 శాతం కొలువులు స్థానికులకివ్వాలని చట్టం చేసింది. ఆ చట్టం స్థానికతను చూసింది, కులాన్ని చూడలేదు. ఊళ్లో 'స్థానికుడు' అనగానే ముందు ఎవరి కొడుకు కనపడతాడు?

మాకు తోచిన ఒక దారి జిల్లా ఖనిజ నిధి. 2015 సవరణతో వచ్చిన ఈ నిధికి, అంతకుముందు ఇచ్చిన లీజుల మీద రాయల్టీలో 30 శాతం అదనంగా కట్టాలి. తవ్వకం వల్ల దెబ్బతిన్న జనం కోసమే అది. ఆ డబ్బుతో పల్లె పిల్లలకు ఐటీఐ ఫీజు, హాస్టలు ఖర్చు కట్టొచ్చు. దాని పద్దులు గ్రామసభలో చదివి వినిపించమని ముందు అడగాలి, అదీ సభ పల్లెలో పెట్టి.