దారి మరచిన పెద్దలకు ఆనవాలు

మిరపకోతల దినములలో గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి గ్రామములందు పగటివేళ ఇంట ముసలివారే మిగులుదురు. వారిలో మతిమరుపు వ్యాధి ముదిరినవారు పుట్టినింటికనియో, ఏనాడో అమ్మిన చేనికనియో బయలుదేరుదురు. దారిలో మండుటెండ; ప్రక్కన సాగరు కుడికాలువ.

అట్టివారి ముంజేతికి జి.పి.ఎస్. పరికరము కట్టుట ఇప్పుడు సాధ్యమైనది. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగు ఉపగ్రహములు తమ తావును, కాలమును ఎడతెగక చాటుచుండును. కనీసము నాలుగింటి సంకేతములను అందుకొని పరికరము తానున్న చోటును లెక్కగట్టుకొనును. బయలు పత్తిచేలలో ఇది కొద్ది మీటర్ల తేడాతో తెలియును. శీతల గిడ్డంగిలో తెలియకపోవచ్చును. శ్రీహరికోటనుండి 2013లో తొలి ఉపగ్రహము నెగసిన మన నావిక్ కూడ ఇట్టిదే.

అయితే తాతగారెక్కడున్నదీ ఉపగ్రహమునకు తెలియదు. చాలమంది ఇక్కడనే పొరబడుదురు. ఆ సంగతిని కుమారుని ఫోనుకు చేర్చునది పరికరములోని సిమ్ము, సమీపమున నున్న సెల్ టవరు. టవరు అందకున్నను, ఛార్జి అయిపోయినను అది వట్టి తాయెత్తు. కావున రాత్రి ఛార్జి పెట్టువారెవరో, కబురు తెలిసినంతనే పరుగెత్తువారెవరో ముందే నిర్ణయించుకొనవలెను. దూరపు కళ్ళములోని కొడుకుకన్న ఊరిలో అంగడి నడుపు బంధువు మేలని మా తలంపు.

కట్టుటకు ముందు, తెలివి నిలకడగా నున్న వేళ చూచి పెద్దవారిని అడుగవలెను. పశువుకు గంట కట్టినట్లున్నదని కొందరు కోపింతురు. ఆ కోపము న్యాయమే. అట్టివారికి చొక్కా లోపల ఇంటి ఫోను నంబరు కుట్టించవచ్చును. పరికరమున్నను లేకున్నను, మనిషి కానరానప్పుడు 112కు ఫోను చేయుటకు సాయంకాలమువరకు ఆగరాదు.