నినాదం వేసే ప్రశ్న

ప్రచారంతో ఓటరు మనసు మార్చేయవచ్చన్న నమ్మకంతోనే పార్టీలు కోట్లు కుమ్మరిస్తాయి. పరిశోధనలు మాత్రం ఆ నమ్మకానికి పెద్దగా వత్తాసు పలకవు. 1940 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం ఒహాయో రాష్ట్రంలోని ఈరీ కౌంటీ ఓటర్లను నెలల తరబడి మళ్లీ మళ్లీ కలిసి ప్రశ్నించింది. ఒక పార్టీని వదిలి మరో పార్టీకి మళ్లినవాళ్లు కొద్దిమందే. ఎక్కువమందిలో అప్పటికే ఉన్న మొగ్గే గట్టిపడింది. 2018లో జాషువా కల్లా, డేవిడ్ బ్రూక్‌మన్ 49 క్షేత్ర ప్రయోగాలను కలిపి లెక్కగట్టారు. అమెరికా సాధారణ ఎన్నికల్లో కరపత్రాలు, ఫోన్లు, ఇంటింటి ప్రచారం వంటివి అభ్యర్థి ఎంపికను మార్చడం సగటున దాదాపు సున్నా అని తేలింది. అలాగని ప్రచార భాషను ఉత్త హోరని కొట్టిపారేయడానికి లేదు. ఆ ప్రయోగాలు కొలిచింది ఓటరు చెప్పిన జవాబును. ఏ ప్రశ్నకు జవాబు చెబుతున్నాననుకుని అతను ఓటేశాడన్నది వేరే సంగతి. నినాదం పనిచేసేది అక్కడే. 1968లో అమెరికాలోని చాపెల్ హిల్ పట్టణంలో ఇంకా ఎటూ తేల్చుకోని 100 మంది ఓటర్లను మెకూమ్స్, షా అనే పరిశోధకులు అడిగి చూస్తే, వాళ్లు ముఖ్యమన్న విషయాలు, పత్రికలూ టీవీలూ పెద్దపీట వేసిన విషయాలు చాలావరకు ఒకటే అయ్యాయి.

నినాదం ఇలా ప్రశ్నను స్థిరపరచడానికి మన దగ్గర 1983 ఆంధ్రప్రదేశ్ ఎన్నికలను మించిన ఉదాహరణ దొరకదు. తెలుగుదేశం పార్టీ పుట్టి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఐదేళ్లలో నలుగురు కాంగ్రెస్ ముఖ్యమంత్రులు మారారు. బేగంపేట విమానాశ్రయంలో, ముఖ్యమంత్రిగా ఉన్న అంజయ్యను రాజీవ్ గాంధీ అందరి ముందూ మందలించారన్న వార్త జనం నోళ్లలో నానుతోంది. ‘తెలుగువారి ఆత్మగౌరవం’ అన్న తెలుగుదేశం నినాదం జనంలోని కోపాన్ని పుట్టించలేదు. విడివిడిగా ఉన్న చిరాకులన్నిటినీ ‘మన ముఖ్యమంత్రిని ఢిల్లీ నిర్ణయించాలా?’ అన్న ఒకే ప్రశ్న కిందికి తెచ్చింది. ప్రశ్న అలా స్థిరపడ్డాక అధికార పార్టీ తన పాలన గురించి ఏం చెప్పుకున్నా పక్కదారి మాటే అయింది. రెండు రూపాయలకు కిలో బియ్యం హామీ కూడా ఓట్లు తెచ్చింది కదా అంటే, నిజమే, తెచ్చింది. తెలుగుదేశం గెలుపు మొత్తాన్నీ నినాదం ఖాతాలో రాయడం అతి.

ప్రశ్నను నినాదమే వేసినా జవాబు దాని చేతిలో ఉండదనడానికి 2004 లోక్‌సభ ఎన్నికలు సాక్ష్యం. ‘భారత్ వెలిగిపోతోంది’ అన్న బీజేపీ ప్రచారం, నీ బతుకు వెలిగిందా అని అడిగినట్టే అయింది. కరువుతో, అప్పులతో నలిగిన రైతు దగ్గర దానికి జవాబు సిద్ధంగా ఉంది. 1999లో 182 సీట్లు గెలిచిన బీజేపీ 138కి దిగింది. పొత్తుల లెక్కలూ ఇందులో ఉన్నాయి గానీ, నినాదం తన ప్రత్యర్థులకే కొలబద్ద చేతికిచ్చిందనడంలో నాకు సందేహం లేదు.

చదువుకున్నవాళ్లు ఇలాంటి మాటలకు పడరన్నది తరచూ వినిపించే అభ్యంతరం. 1982లో బార్బరా మెక్‌నీల్ బృందం చేసిన ప్రయోగం దానికి గట్టి జవాబు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఆపరేషన్ మేలా, రేడియేషన్ మేలా అని రోగులతో పాటు వైద్యులనూ అడిగారు. ఆపరేషన్‌లో నూటికి 90 మంది బతుకుతారని కొందరికి, 10 మంది చనిపోతారని మరికొందరికి చెప్పారు. రెండూ ఒకటే లెక్క. అయినా చావు మాట విన్నవాళ్లలో ఆపరేషన్ కోరినవాళ్లు తగ్గారు; వైద్యులూ ఇందుకు మినహాయింపు కాలేదు. ఒకే పథకాన్ని పాలకపక్షం ‘సంక్షేమం’ అనడం, విమర్శకులు ‘తాయిలం’ అనడం ఈ కోవలోదే. ఇద్దరిదీ అబద్ధం కాదు కాబట్టి, అంకెలు సరిచూసి తప్పు పట్టుకునే పద్ధతులేవీ ఇక్కడ అక్కరకు రావు.