మీకు తెలుసా? చాక్లెట్ కిట్ డబ్బాలో ఏముందో!

పిల్లల చేత ఇంట్లోనే చాక్లెట్లు చేయించే కిట్ కొంటున్నారా? డబ్బా వెనక పదార్థాల జాబితా ఓసారి చదవండి. చాలావాటిలో ఉండేది ‘కాంపౌండ్’ చాక్లెట్. అంటే కోకో వెన్నకు బదులు పామ్ కెర్నల్ నూనెలాంటి కొవ్వు కలిపినది. చవకబారు సరుకని మొహం చిట్లించకండి, పిల్లల పనికి అదే నయం.

అసలు కోకో వెన్న మహా పేచీకోరు. గడ్డకట్టేటప్పుడు 6 రకాల స్ఫటికాలుగా మారగలదు. నిగనిగలాడే మెరుపు, విరిస్తే ‘టక్’మనే గుణం 5వ రకానికే సొంతం. అది కరిగేది దాదాపు 34 డిగ్రీల దగ్గర. అందుకే నోట్లో పెట్టగానే జారిపోతుంది. (మన మే నెలలో బల్లమీదే జారిపోతుంది, అది వేరే సంగతి!) ఆ రకమే రావాలంటే డార్క్ చాక్లెట్‌ను 45-50 డిగ్రీల దాకా కరిగించి, 27-28కి చల్లార్చి, మళ్లీ 31-32కి తేవాలి. థర్మామీటర్ పట్టుకుని కూర్చునే ఓపిక ఏ పిల్లాడికి ఉంటుంది? కాంపౌండ్‌కు ఈ తంటా లేదు. కరిగించి అచ్చుల్లో పోసి ఫ్రిజ్‌లో పెడితే సరి.

భయపడాల్సింది తడి గరిటెకే. రెండు చుక్కల నీళ్లు పడినా చక్కెర, కోకో పొడి ముద్దకట్టి చాక్లెట్ గరుకుగా బిగుసుకుపోతుంది. పారేయకండి, వేడి పాలు కాసిని పోసి కలపండి. అచ్చుల్లో గట్టిపడదు గానీ ఐస్‌క్రీమ్ మీదికి చక్కటి సాస్ అవుతుంది.